మత్తుకు ముందు గుబులు.. డాక్టర్ లారీ చూసిందీ, చూడనిదీ

రేపు పొద్దున మీకు ఆపరేషన్. రాత్రి నుంచి ఏమీ తినొద్దన్నారు. కాగితాల మీద సంతకాలు చేయించుకున్నారు. చేతికి సూది పెట్టి టేపు వేశారు. పక్కన బెంచీ మీద ఇంట్లోవాళ్లు కునుకు తీస్తున్నారు. మీకు మాత్రం కన్ను మూతపడదు. కోత గురించి కూడా కాదు మీ గుబులు. మత్తిస్తారు కదా, మళ్లీ లేస్తానా? మధ్యలో మెలకువ వస్తే ఎలా? నాకేమైనా అయితే పిల్లల సంగతేమిటి? ఇవన్నీ పైకి అడగాలంటే మొహమాటం. డాక్టరు నవ్వుతారేమో, ఇంట్లోవాళ్లు కంగారు పడతారేమో అని లోపలే మింగేస్తారు.

హైదరాబాద్ నుంచి మొయినాబాద్ మీదుగా చేవెళ్ల వెళ్లే రోడ్డు మీకు తెలిసే ఉంటుంది. రెండు పక్కలా ఊడలు దిగిన మర్రిచెట్లు. ఆ దారి చుట్టుపక్కల ఇప్పుడు మెడికల్ కాలేజీలు, వాటి ఆసుపత్రులు వచ్చాయి. హెర్నియాకో, గర్భసంచికో, విరిగిన కాలికో పల్లెల నుంచి జనం అక్కడికే వస్తున్నారు. ఆసుపత్రిలో చేరేముందు చిలుకూరు వెళ్లి 11 ప్రదక్షిణలు చేసి, గట్టెక్కితే 108 చేస్తామని మొక్కుకునే వాళ్లున్నారు. వీసా బాలాజీ అని పేరు పడింది గానీ, ఆ గుడి చుట్టూ తిరిగేవాళ్లలో స్కానింగ్ రిపోర్టు సంచిలో పెట్టుకున్నవాళ్లూ ఉంటారు. అందులో తప్పు పట్టాల్సింది ఏమీ లేదు. నోటితో చెప్పలేని భయాన్ని కాళ్లతో చెప్పుకోవడం అది.

ఆ భయానికి ఒక చరిత్ర ఉంది. అందులో ముఖ్యమైన ఘట్టం మీకు దగ్గర్లోనే జరిగింది. అనంతగిరి కొండల్లో పుట్టి, మొయినాబాద్ పొలిమేరలో గండిపేట చెరువులో కలిసే మూసీ అక్కణ్నుంచి కిందికి పారి అఫ్జల్‌గంజ్ చేరుతుంది. 130 ఏళ్ల కిందట ఆ ఒడ్డున ఉన్న ఆసుపత్రిలో ఓ డాక్టరు మత్తుమందు గురించి ప్రపంచంతోనే వాదానికి దిగాడు. ఆయన పేరు ఎడ్వర్డ్ లారీ. పేరు వినగానే రోడ్డు మీది బండి గుర్తొస్తే మీ తప్పు కాదు. కానీ వైద్య చరిత్రలో హైదరాబాద్ పేరు నిలబెట్టిన వాళ్లలో ఆయన ఒకరు.

గురువు నేర్పిన పాఠం

లారీ 1846లో పుట్టాడు. అంతకు ముందు వరకూ ఆపరేషన్ అంటే మనిషిని నలుగురు పట్టుకుని, మెలకువలో ఉండగానే కోయడం. ఆ ఏడాదే అమెరికాలోని బోస్టన్‌లో ఈథర్ ఇచ్చి నొప్పి తెలియకుండా ఆపరేషన్ చేసి చూపించారు. మరుసటి ఏడాది 1847లో ఎడిన్‌బరోలో జేమ్స్ సింప్సన్ క్లోరోఫాం వాడాడు. తియ్యటి వాసన, నాలుగు పీల్పులతో మత్తు, మోయడానికి ఓ చిన్న సీసా చాలు. లోకమంతా సంబరపడింది.

ఆ సంబరం మూడు నెలలు కూడా నిలవలేదు. 1848 జనవరి 28న ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్ దగ్గర హన్నా గ్రీనర్ అనే 15 ఏళ్ల అమ్మాయికి కాలి గోరు తీయడానికి క్లోరోఫాం ఇచ్చారు. ఆ పిల్ల నిమిషాల్లోనే చనిపోయింది. కాలి గోరు కోసం ప్రాణం పోవడమేమిటి? ఆ మరణానికి కారణమేమిటన్న దాని మీద తర్వాత వందేళ్లకు పైగా చర్చ సాగింది. ఇందులో మీరు గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఆ పిల్ల ఆపరేషన్‌కు బాగా భయపడింది. అంతకు ముందు ఒకసారి రెండో కాలికి ఈథర్ ఇచ్చి చేశారు. ఈసారి కుర్చీలో కూర్చోబెట్టేసరికి ఏడుపు ఆపుకోలేకపోయింది. అప్పుడు ఆ ఏడుపును ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

లారీ ఎడిన్‌బరోలో చదువుకున్నాడు. పేరుమోసిన సర్జన్ జేమ్స్ సైమ్‌కు శిష్యుడయ్యాడు. క్లోరోఫాం ఇచ్చేటప్పుడు నాడి పట్టుకుని కూర్చోవద్దని, కళ్లు, చెవులు రోగి ఊపిరి మీదే ఉంచాలని సైమ్ బోధ. ఊపిరి సవ్యంగా ఆడినంత కాలం గుండెకు ఢోకా లేదని ఎడిన్‌బరో నమ్మకం. లండన్ డాక్టర్లది ఇంకో దారి. క్లోరోఫాం గుండెను నేరుగా ఆపేయగలదని, అందుకే నాడి వదలకూడదని వాళ్లనేవారు. సైమ్ 1870లో చనిపోయాడు. గురువు మాటను లారీ మాత్రం జీవితాంతం వదల్లేదు.

ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి లాహోర్‌లో పనిచేసి, 1885లో హైదరాబాద్ రెసిడెన్సీ సర్జన్‌గా వచ్చాడు. 1846లో మొదలైన హైదరాబాద్ మెడికల్ స్కూలు బాధ్యత, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి పని ఆయన చేతికొచ్చాయి. ఇవాళ్టి ఉస్మానియా మెడికల్ కాలేజీకి మూలం ఆ స్కూలే.

అప్పట్లో చేవెళ్ల నుంచో, మొయినాబాద్ నుంచో అక్కడికి రావాలంటే ఎలా ఉండేదో ఒక్కసారి ఊహించుకోండి. ఎడ్లబండి మీద ప్రయాణం. నగరంలో దొర డాక్టరు. భాష తెలియదు. ముక్కు మీద ఏదో టోపీలాంటిది పెట్టి పీల్చమంటారు. పీలిస్తే ఏమవుతుందో చెప్పేవాళ్లు లేరు. ఇప్పుడు మనకు కలిగే గుబులు దాని ముందు ఎంత?

నిజాం డబ్బు, లాన్సెట్ డాక్టరు

లారీది రాజీపడే మనస్తత్వం కాదు. గురువు మాట నిజమని తేల్చాలనుకుని 1888లో హైదరాబాద్‌లోనే క్లోరోఫాం కమిషన్ వేయించాడు. కుక్కల మీద ప్రయోగాలు చేశారు. ప్రతిసారీ ముందు ఊపిరే ఆగిందని, గుండె ఆ తర్వాతే ఆగిందని తేల్చారు. లండన్‌లోని లాన్సెట్ పత్రిక ఈ ఫలితాన్ని నమ్మలేదు.

ఇక్కడ కథలోకి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వచ్చాడు. అప్పటికి ఇరవై మూడేళ్ల కుర్రవాడు. లాన్సెట్ తన మనిషినే పంపి చూసుకోవచ్చని, ఖర్చుకు 1000 పౌండ్లు ఇస్తానని ముందుకొచ్చాడు. 1889 చివర్లో థామస్ లాడర్ బ్రంటన్ అనే పెద్ద శాస్త్రవేత్త హైదరాబాద్ వచ్చాడు. గుండెకు ప్రమాదముందని నమ్మే వర్గం మనిషి ఆయన. నాలుగు వందలకు పైగా జంతువుల మీద ప్రయోగాలు జరిగాయి. చివరికి బ్రంటన్ కూడా లారీ వైపే మొగ్గాడు. ప్రయోగాల్లో అన్ని జంతువులు చచ్చిపోవడం ఇవాళ చదువుతుంటే మనసుకు కష్టంగానే ఉంటుంది. ఆ రోజుల్లో వేరే దారి వాళ్లకు తోచలేదు.

కమిషన్ రాసిన సూచనలు చూస్తే ఇప్పటికీ ఆశ్చర్యమేస్తుంది. రోగిని వెల్లకిలా పడుకోబెట్టాలి. మెడ, ఛాతీ, పొట్ట మీద బిగుతు బట్టలుండకూడదు. మత్తు టోపీని మొదట్లోనే ముఖానికి అదిమిపెట్టకూడదు, అలా చేస్తే రోగి బెదిరి గింజుకుంటాడు, ఊపిరి బిగబడతాడు. పూర్తిగా మత్తు ఎక్కేదాకా కత్తి పెట్టకూడదు. మత్తు ఇచ్చే మనిషి ఇంకేం పనీ పెట్టుకోకుండా ఊపిరినే గమనించాలి. భయం అన్న మాట అందులో పెద్దగా లేదు గానీ, రోగిని బెదరగొట్టకుండా చూడడమెలాగో మాత్రం ఉంది.

లారీ చేసిన ఇంకో మంచి పని ఆడపిల్లలకు మెడికల్ స్కూలు తలుపులు తీయడం. 1885లో చేరిన ఐదుగురిలో రూపాబాయి ఫర్దూంజీ ఒకరు. 1889లో చదువు ముగించి మత్తు ఇవ్వడంలో చెయ్యి తిరిగిన డాక్టరయ్యారు. ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యురాలు ఆమేనని చెబుతారు. 1909లో ఎడిన్‌బరో వెళ్లి మరికొంత చదువుకొచ్చారు, 1920 దాకా హైదరాబాద్‌లోనే సేవ చేశారు. పరదా చాటున బతికే ఆడవాళ్లకు తలాపున ఓ ఆడమనిషి నిలబడి మత్తివ్వడం ఎంత ధైర్యమిచ్చి ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. నన్నడిగితే కమిషన్ నివేదిక కంటే రోగులకు ఎక్కువ మేలు చేసింది ఇదే.

ఎక్కడ పొరబడ్డాడు?

లారీ గెలిచాడనుకున్నారు. కానీ ఇంగ్లండ్‌లో క్లోరోఫాంతో మరణాలు ఆగలేదు. అవీ ఎక్కువగా చిన్న చిన్న ఆపరేషన్లలో, మత్తు ఎక్కీ ఎక్కని మొదటి నిమిషాల్లో. లారీ మాత్రం ఇచ్చేవాళ్లకు ఇవ్వడం రాకపోవడమే కారణమని వాదిస్తూ పోయాడు. 1901లో క్లోరోఫాం మీద పుస్తకం వేశాడు, అదే ఏడాది ఉద్యోగం ముగించి ఇంగ్లండ్ వెళ్లిపోయాడు.

ఏడేళ్లకు, 1908 సెప్టెంబర్ 28న మూసీ వరద ఆయన పనిచేసిన అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిని తుడిచిపెట్టేసింది. ఆ ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారని చెప్పుకుంటారు. చెట్టు ఇప్పటికీ ఉస్మానియా ఆసుపత్రి తోటలో ఉంది. ఆ వరద మళ్లీ రాకుండా కట్టినవే మొయినాబాద్‌కు రెండు వైపులా ఉన్న గండిపేట, హిమాయత్‌సాగర్ చెరువులు.

1911లో లండన్‌లో గుడ్‌మన్ లెవీ అనే వైద్యుడు పిల్లుల మీద ప్రయోగాలతో అసలు ముడి విప్పాడు. క్లోరోఫాం తక్కువ మోతాదులో ఉన్నప్పుడు రక్తంలో అడ్రినలిన్ పెరిగితే గుండె లయ తప్పి, కొట్టుకోవడం మాని వణుకుతుంది. అంతే, మనిషి పోతాడు. అడ్రినలిన్ ఎప్పుడు పెరుగుతుంది? భయపడ్డప్పుడు. గింజుకున్నప్పుడు. మత్తు పూర్తిగా ఎక్కకముందే కోత పెట్టినప్పుడు.

కాలి గోరు తీయించుకోవడానికి ఏడుస్తూ కూర్చున్న ఆ 15 ఏళ్ల పిల్ల ఇప్పుడు గుర్తొస్తోంది కదా. ఆమె ఇలాగే పోయిందని రుజువు లేదు. కానీ రోగి భయం మనసులోనే ఉండిపోయే సంగతి కాదని, రక్తంలో కలిసి గుండె దాకా వెళ్తుందని వైద్యులకు తెలిసింది ఇక్కడే.

మరి హైదరాబాద్‌లో లారీ పద్ధతి అంత బాగా ఎలా పనిచేసింది? ఆయన సిద్ధాంతం సగమే నిజం. ఆచరణ మాత్రం దాదాపు సరైనదే. రోగి బెదరకుండా మెల్లగా మొదలుపెట్టడం, పూర్తి మత్తు వచ్చేదాకా ఆగడం.. లెవీ చెప్పిన ప్రమాదం రాకుండా ఈ రెండూ కాపాడి ఉండాలి. ఊపిరే కాపాడుతోందని ఆయన అనుకున్నాడు. 1915లో లారీ కన్నుమూశాడు.

ఇక మీ సంగతి

ముందు ఒక మాట. ఇప్పుడెవరూ క్లోరోఫాం ఇవ్వరు. ఎడిన్‌బరో, లండన్ కొట్లాట కూడా తీరిపోయింది. థియేటర్లో మీ వేలికి తగిలించే క్లిప్పు రక్తంలో ఆక్సిజన్‌ను, నాడిని చూస్తుంటుంది. ఛాతీ మీది స్టిక్కర్లు గుండె లయను చూస్తాయి. మీరు వదిలే ఊపిరిని ఇంకో యంత్రం లెక్కపెడుతుంది. మత్తు డాక్టరు ఆపరేషన్ అయ్యేదాకా మీ తలాపునే ఉంటారు. ఆరోగ్యవంతులు మత్తు వల్లే చనిపోవడం ఇప్పుడు చాలా చాలా అరుదు. నడుముకు ఇచ్చే మత్తయితే మీరు మెలకువగానే ఉంటారు. కాళ్లు కదలకపోవడం కొన్ని గంటలే, తర్వాత స్పర్శ తిరిగొస్తుంది.

అయినా భయం వేస్తుంది. వేయడం సహజం. అయితే దాన్ని దాచుకుంటే నష్టం మీకే. బాగా ఆందోళనలో ఉన్నవాళ్లకు బీపీ, నాడి పెరుగుతాయి. ఒక్కోసారి బీపీ దిగక ఆపరేషన్ వాయిదా పడుతుంది. మత్తు మోతాదు ఎక్కువ కావాల్సి రావచ్చు. ఆపరేషన్ తర్వాత నొప్పి ఎక్కువగా తెలుస్తుంది, నిద్ర పట్టదు.

దీనికి మందేమిటంటే, మొదటి మందు మాటే. అమెరికాలో లారెన్స్ ఎగ్బర్ట్ అనే మత్తు వైద్యుడు 1964లో ఒక అధ్యయనం ప్రచురించాడు. పొట్ట ఆపరేషన్ చేయించుకునే 97 మందిలో కొందరికి ముందు రోజే కూర్చుని చెప్పారు. నొప్పి ఎక్కడ వస్తుంది, ఎన్నాళ్లుంటుంది, పక్కకు ఎలా తిరగాలి, ఊపిరి ఎలా తీసుకోవాలి అన్నీ. మిగతావాళ్లకు అలా చెప్పలేదు. చెప్పించుకున్నవాళ్లకు నొప్పి ఇంజక్షన్లు దాదాపు సగానికి తగ్గాయి. సగటున 2.7 రోజులు ముందే ఇంటికి వెళ్లారు. ఎవరికి చెప్పారో, ఎవరికి చెప్పలేదో సర్జన్లకు తెలియదు కూడా. అంతకు ముందు ఏడాదే, రాత్రి ఇచ్చే నిద్రమందు కంటే మత్తు డాక్టరు వచ్చి మాట్లాడి వెళ్లడమే రోగిని ఎక్కువ కుదుటపరుస్తుందని ఆయన బృందమే చూపించింది.

కాబట్టి మత్తు డాక్టరు చూడటానికి వచ్చినప్పుడు అన్నిటికీ తల ఊపేసి పంపేయకండి. ఏ మత్తు ఇస్తారు, ఎంతసేపు, లేచాక ఎక్కడుంటాను, నొప్పికి ఏమిస్తారు అని అడగండి. భయంగా ఉందని ఆ మాటే చెప్పండి. మీకు నోరు రాకపోతే మీ అమ్మాయితోనో, తమ్ముడితోనో అడిగించండి. అంత మాట్లాడే తీరిక డాక్టర్లకు ఎక్కడుందని మీరనవచ్చు. నిజమే, రద్దీ ఎక్కువ. ఐదు నిమిషాలైనా మీ హక్కే. ఆందోళన ఎంతుందో తేల్చడానికి ఆరే ఆరు ప్రశ్నల చిన్న పట్టిక ఒకటి ఇప్పుడు చాలా దేశాల్లో వాడుతున్నారు. అవసరమైతే తేలికపాటి మాత్ర కూడా ఇస్తారు. మీ అంతట మీరు మెడికల్ షాపులో కొని మాత్రం వేసుకోవద్దు.

ఇంకో ముఖ్యమైన సంగతి దాచొద్దు. కుంగుబాటుకో, ఆందోళనకో ఇప్పటికే మాత్రలు వాడుతుంటే సర్జన్‌కూ, మత్తు డాక్టరుకూ పేర్లతో సహా చెప్పండి. నలుగురికీ తెలుస్తుందని ఆపరేషన్‌కు ముందు సొంతంగా మానేసేవాళ్లున్నారు. ఉన్నట్టుండి మానేస్తే జబ్బు తిరగబెట్టవచ్చు, మానడం వల్లే కొత్త ఇబ్బందులూ రావచ్చు. ఏది ఆపాలో, ఏది ఆపకూడదో వాళ్లే చెబుతారు. మందు తాగే అలవాటు సంగతి కూడా అంతే.

ఇంటికి వచ్చాక

భయం సాధారణంగా ఆపరేషన్‌తో దిగిపోతుంది. కుంగుబాటు అలా కాదు. అది కుట్లు విప్పాక, చుట్టాలు వచ్చి చూసి వెళ్లాక, ఇల్లు సద్దుమణిగాక మొదలవుతుంది. గుండె ఆపరేషన్, రొమ్ము తీసివేత, కాలు తీసివేత లాంటి పెద్ద వాటి తర్వాత ఇది మామూలే. చేవెళ్ల వైపు టమాటా, క్యారట్ పండించే రైతునే తీసుకోండి. రెండు నెలలు బరువెత్తొద్దంటారు. కోతకొచ్చిన పంట చేలోనే ఉంటుంది, అప్పు వడ్డీ ఆగదు. మంచం మీద పడుకుని ఆయన ఆలోచించేది కుట్ల గురించి కాదు.

మొదటి వారం నీరసం, చిరాకు, ఊరికే కళ్లలో నీళ్లు తిరగడం చాలామందికి ఉంటుంది. కానీ రెండు వారాలు దాటినా ఏ పని మీదా మనసు పోకపోవడం, తిండి సహించకపోవడం, తెల్లవారుజామునే మెలకువ వచ్చి పడుకోలేకపోవడం, ఫిజియోథెరపీ వద్దని గోడ వైపు తిరిగి పడుకోవడం కనిపిస్తే బలహీనత అని సరిపెట్టుకోవద్దు. టానిక్‌తో పోయేది కాదు. కుంగిపోయిన మనిషి లేచి నడవడు, మందులు సరిగా వేసుకోడు. కోలుకోవడం దానితోనే వెనకబడుతుంది. పెద్దవయసు వాళ్లు ఆపరేషన్ అయిన ఒకటి రెండు రోజుల్లో ఉన్నట్టుండి మనుషుల్ని గుర్తుపట్టకపోయినా, రాత్రుళ్లు పొంతన లేకుండా మాట్లాడినా అది కుంగుబాటు కాదు, మతిభ్రమణమూ కాదు. వెంటనే నర్సుకు చెప్పండి. నీటి శాతమో, ఇన్‌ఫెక్షనో, మందో కారణమై ఉంటుంది, సరిచేస్తే చాలావరకు తగ్గుతుంది.

కుట్లు చూపించుకోవడానికి వెళ్లినప్పుడు గాయంతో పాటు నిద్ర గురించి, మనసు గురించి కూడా డాక్టరుకు చెప్పండి. మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం కూడా ఉంటుంది, అదే ఓపీ చీటీతో అక్కడికి పంపమని అడగవచ్చు. అంతదూరం వెళ్లలేకపోతే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఏ వేళప్పుడైనా ఉచితమే, తెలుగులో మాట్లాడతారు. బతకడం దండగ అన్న మాట ఒక్కసారి వినిపించినా తెల్లారేదాకా ఆగకండి. ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా పక్కన కూర్చుని, అప్పుడే ఫోన్ చేయండి.